తాళాలామె మేడమీది గది

భర్త పోయాక తాళాల కొట్టు ఆమే నడిపేది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ తాళాలామె. ఎవరైనా మారు తాళంచెవి చేయమని వస్తే, "ఇల్లు మీదేనా?" అని గుచ్చి గుచ్చి అడిగాకే పనిముట్టు పట్టేది.

పాత కోటగోడల నడుమనున్న ఆ ఊళ్లో ఏటా వేసవిలో శాస్త్రీయ సంగీతోత్సవం జరుగుతుంది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి పెద్ద విద్వాంసుల దగ్గర నేర్చుకుని, చివరిరోజు కచేరీ చేస్తారు. బస ఊరివాళ్ల ఇళ్లలోనే. ఆ ఏడు తాళాలామె మేడమీది గదిలోకి ఒక వయొలిన్ పిల్ల దిగింది.

పక్కిళ్లలో తెల్లవారకముందే సాధన మొదలయ్యేది. ఈ గదిలోంచి మాత్రం చిన్న కూత కూడా లేదు. పైగా వయొలిన్ పెట్టెకు తాళం!

"ఆ పిల్ల వాలకం నాకేం నచ్చలేదే. పెట్టెలో ఏం దాచిందో," అంది చెల్లెలితో.

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే అక్కా!"

ఒక మధ్యాహ్నం పిల్ల స్నానానికి వెళ్లింది. సన్నని తీగతో ఆ బుల్లి తాళం తీయడం తాళాలామెకు ఒక లెక్కా! లోపల మడతపెట్టిన తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఎవరినో మోసం చేయడానికి వచ్చిన పిల్ల కాదు కదా?

"వయొలిన్ ఏదమ్మాయ్?" తడిజుట్టుతో వచ్చిన పిల్లను నిలదీసింది.

పిల్ల తెల్లబోయింది. "బస్సులో పైనుంచి ట్రంకుపెట్టె పడి వయొలిన్ మెడ విరిగిందండీ. బాగుచేసే ఆయనకిచ్చాను. ఇక్కడ నాకు నేర్పే టీచరుగారు తన వయొలిన్ ఇస్తే వాళ్లింట్లోనే సాధన చేస్తున్నా. ఇక్కడ వేణువు నేర్చుకునే పిల్ల ఒకతి మా వీధిదే. నా చేతిలో పెట్టె లేకపోతే ఇంట్లో చెప్పేస్తుంది. వాళ్లు వెంటనే వచ్చెయ్యమంటారు."

"కథలు బాగానే అల్లుతున్నావ్!"

పిల్ల చూపు పెట్టె మీద పడింది. "పెట్టెకు తాళం వేశాను కదండీ. మీరెలా చూశారు?"

సాయంత్రానికల్లా పిల్ల సామాను సర్దుకుని టీచరుగారింటికి మారిపోయింది.

అయినా తాళాలామెకు నమ్మకం కుదరలేదు. మర్నాడు బాగుచేసేవాడి కొట్టుకు వెళ్లి ఆ పిల్ల వయొలిన్ గురించి అడిగింది. మెడ అతికించిన వయొలిన్ బల్లమీద బిగించి ఉంది.

"ఆ పిల్లకు మీరేమవుతారు?" అన్నాడతను.

"ఏమీ కాను," అని తల దించుకుని వచ్చేసింది.

కచేరీలో ఆఖరి వరసలో కూర్చుంది. బాగుచేసిన తన వయొలిన్ మీదే పిల్ల వాయించింది. రాగం సాగుతున్నంతసేపూ హాలులో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. అయిపోయాక గుమ్మం దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"బాగా వాయించావమ్మా. ఆ రోజు... తప్పు నాదే."

"పర్వాలేదండీ," అంటూనే పిల్ల వయొలిన్ పెట్టెను అవతలి చేతిలోకి మార్చుకుంది.

మరుసటి ఏడు ఇంకో పిల్ల వచ్చింది. తాళాలామె గది తలుపుకు లోపలివైపు కొత్త గడియ బిగించి ఉంచింది.

"ఇది వేసుకుంటే బయటినుంచి ఎవరూ తీయలేరమ్మా. నేను కూడా."

ఆ పిల్ల గడియ వంకా, ఆమె వంకా అనుమానంగా చూసింది.