మూడో ప్రశ్న

మా ప్లీడరుగారు గురువారం పొద్దున పోయారు. బొమ్మనహళ్ళిలో మా వీధి చివరి ఇల్లే ఆయనది. ఆ కబురు ఫోనులో చెప్పింది, నామీద కేసు పెట్టిన నా తోడల్లుడు. "ఇంక నీకెవరు వాదిస్తారప్పా?" అన్నాడు. అది పరామర్శ అని నేననుకోను.

శవం పక్కన నిలబడి "గొప్ప క్రిమినల్ లాయరు" అన్న పెద్దమనుషులే నిన్నటిదాకా ఆయన్ని బెయిలు ప్లీడరని నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి.

పోయినేడు ఉమ్మడి గోడ తగాదాలో నా చేతికర్రతో తోడల్లుడి తలమీద కొట్టాను. మూడు కుట్లు పడ్డాయి. పోలీసులు హత్యాయత్నం అని రాశారు. కొత్త చట్టం పుస్తకం కొని, గీతలు గీసుకుని చదివి, ప్లీడరుగారి ముందు పెట్టాను. ఇంత చిన్న గాయానికి యావజ్జీవం దాకా పోయే సెక్షనా అని వాదించాను.

"కుట్లు లెక్కపెట్టేది డాక్టరప్పా. చట్టం మనసు చూస్తాది. గాయమే లేకపోయినా హత్యాయత్నం కావచ్చు," అన్నారు. "అయినా తలే కావాల్నా? భుజం లేదా వాడికి?"

"అందింది తలే."

"ఈ మాట జడ్జి ముందర అనొద్దు సామీ."

ప్రతి కేసుకూ ఆయన ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకునేవారు. చేతిలో ఏముంది? దెబ్బ ఎక్కడ? మనసులో ఏముంది? మొదటి రెండింటికీ జవాబు పెన్నుతో, మూడోదానికి పెన్సిలుతో. "అది మాత్రం మనిషి నిదానంగా చెప్తాడు," అనేవారు.

బెయిలు షరతు ప్రకారం ఆదివారాలు స్టేషనులో సంతకం పెట్టాలి. ఆయన రానక్కరలేదు, అయినా వచ్చేవారు. నా తోడల్లుడి ఇల్లు దాటేటప్పుడు అటువైపుకు మారి, నాకు అడ్డంగా నడిచేవారు. నాకోసం అంతపని చేసినవాళ్ళు ఇంకొకరు లేరు.

మూడో ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. భయపెట్టాలనే కొట్టానని ప్రతిసారీ చెప్పాను. ఆయన తల ఊపి, కళ్ళజోడు తుడుచుకునేవారు.

సోమవారం వాయిదా. నామీద హత్యాయత్నం నిలుస్తుందా, ఉత్త గాయం కేసవుతుందా అన్నది ఆరోజు వాదిస్తారు. నిన్న ఆయన జూనియరు వచ్చి ఫైలు తెరిచాడు. "మూడోది ఖాళీగా ఉంది సార్, ఏం రాయమంటారు?" అన్నాడు.

కాగితం తీసుకుని చూశాను. మొదటి రెండు జవాబులూ ఆయన గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. మూడోదాని ఎదుట పెన్సిలు మొన ఆనించి, రాయకుండా ఎత్తేసిన చుక్కలు. ఒకదాని పక్కన ఒకటి, అడిగిన ప్రతిసారికీ ఒకటి.