నాలుగో బేస్ దాకా

చిన్నప్పుడు మా అన్నయ్యలు క్రికెట్ ఆడుతుంటే నా చేతికి ఒక్కసారీ బ్యాట్ రాలేదు. ముళ్ళకంపల్లో పడ్డ బంతిని తెచ్చివ్వడమే నా ఆట. నలభై దాటాక, దోహాలో మా క్లినిక్ ల్యాబ్‌లో నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి, తను కెప్టెన్‌గా ఉన్న సాఫ్ట్‌బాల్ జట్టులో ఒకరు తక్కువయ్యారని, వస్తావా అని అడిగింది. నేను ఒక్కటే అడిగాను, బ్యాట్ ఇస్తారా అని. ఇస్తామంది. ఇంకేం కావాలి!

సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కి చెల్లెలు. బంతి కాస్త పెద్దది, మైదానం కాస్త చిన్నది. నాలుగు మూలల్లో నాలుగు బేసులు. బంతిని కొట్టినవాళ్ళు వరసగా అన్నీ తొక్కుతూ బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. మిగతా మూడు బేసుల మీదా మనవాళ్ళు ఉండగా బంతిని కంచె దాటిస్తే, నలుగురూ తిరిగొచ్చి నాలుగు పరుగులు తెస్తారు. దాన్నే గ్రాండ్ స్లామ్ అంటారు. మా జట్టులో ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళకే అదొక కల.

నాకు రెండో మ్యాచ్‌లోనే ఆ అవకాశం వచ్చింది. దోహా బయట మెసయీద్‌లో కంపెనీ క్వార్టర్స్ పక్క గ్రౌండ్, శుక్రవారం పొద్దున. మూడు బేసులూ నిండి ఉన్నాయి. అప్పటికే ఇద్దరు అవుట్, ఇంకొకరు అవుటైతే మా వంతు అయిపోతుంది. బంతి వచ్చింది, కొట్టాను. కంచె దాటి పార్కింగ్‌లో పడింది. నేను రెండడుగులు పరిగెత్తానో లేదో, కంచె బయటి నుంచి మా ఆయన గొంతు.

"సిక్సే! పరుగెందుకు? ఆగు!"

ఆగాను. సిక్సు కొట్టి పరిగెత్తడం మా ఇంటావంటా లేదు. బ్యాట్ పైకెత్తి ఆయనకి చూపించి, దర్జాగా మా బెంచీ వైపు నడిచాను. మావాళ్ళు గొంతు చించుకుంటుంటే సంబరమనుకున్నాను. అంపైర్ నన్ను అవుటన్నాడు. మొదటి బేస్ కూడా తొక్కకుండా నేను మూడో అవుటయ్యాను కాబట్టి ఆ ముగ్గురి పరుగులూ చెల్లవట. కంచె దాటిన బంతికి సున్నా. మ్యాచ్ పోయింది.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో అందరూ కిటికీల వైపు తిరిగి కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. "ఆ రూలే తప్పు. గ్రౌండ్ దాటాక ఇంకా పరుగేంటి?" అన్నారు మా ఆయన ఒక్కరే.

మర్నాడు ల్యాబ్‌లో కెప్టెన్ మెల్లగా చెప్పింది, ఇకనుంచి నువ్వు ఫీల్డింగ్ చెయ్, నీ బదులు వేరేవాళ్ళు కొడతారు అని. ఒళ్ళు మండింది. మళ్ళీ బంతులు ఏరడమా! ఇంకొక్క మ్యాచ్ ఇవ్వు, ఈసారి పరిగెత్తకపోతే బ్యాట్ నేనే వదిలేస్తానన్నాను. నా మొహం చూసి సరేనంది.

దోహాలో మేముండే ఉమ్ ఘువైలినా పేటలో మా బిల్డింగ్ వెనక ఖాళీ జాగాలో నాలుగు అట్టముక్కలు పరిచాను. పొద్దున్నే డ్యూటీకి ముందు ఉత్త చేతులతోనే బ్యాట్ ఊపినట్టు ఊపడం, తలెత్తి చూడకుండా వాటి చుట్టూ పరిగెత్తడం. మోకాళ్ళు మొరాయించాయి. వాటి మాట వినలేదు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ కొన్నాళ్ళు చూసి చూసి అడిగేశాడు.

"ఏమన్న పోయిందా మేడం? రోజూ గిట్ల ఉరుకుతున్నరు."

"పోయింది. తెచ్చుకుంటున్నా," అన్నాను.

మళ్ళీ అదే గ్రౌండ్, ఎదురుగా అదే జట్టు. ఆఖరి వంతు, మేం మూడు పరుగులు వెనకబడి ఉన్నాం. మళ్ళీ మూడు బేసులూ నిండాయి. కెప్టెన్ నా వైపు అనుమానంగా చూసింది. అప్పటికే బ్యాట్ నా చేతిలో ఉంది.

ఈసారి బంతి కంచె దాటలేదు. ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి కంచె దాకా దొర్లిందని తర్వాత చెప్పారు. నేను చూడలేదు. ఒకటో బేస్ తొక్కాను, రెండోది తొక్కాను. ఊపిరి అందడం లేదు. నా ముందున్న ముగ్గురూ చేరిపోయారు. నేను మూడో బేస్ దగ్గర ఆగితే సమానం, చివరిదాకా వస్తే గెలుపు.

"ఆగు! బంతి వచ్చేస్తోంది, ఆగవే!" కంచె బయటి నుంచి అదే గొంతు.

పరిగెత్తాను. చివర మోకాళ్ళ మీద పడి, చేత్తో బేస్‌ని పట్టుకున్నాను. దుమ్ములోంచి అంపైర్ "సేఫ్!" అనడం వినిపించింది. ఏడుపొచ్చేసింది.

మా ఆయన గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చారు. "ఆగమని అంత అరిచానే, వినపడలేదా?" అన్నారు.

బేస్ మీంచి చెయ్యి తియ్యకుండానే, "వినపడింది," అన్నాను.