ఎర్రదారం కుట్లు

ఎవరికీ చూపించలేని బరువు ఒకటి ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఉంది. మా బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద, ఒక నల్ల రెక్సిన్ తొడుగు కూడా ఉంది. రెండూ ఒకటే. అదేమిటని మా ఆవిడ ఒకసారి అడిగితే పాత బ్యాగు అన్నాను. నమ్మిందో, నమ్మినట్టు నటించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పేవాణ్ణి కాదు. ఇది చదివి మీరు నవ్వుతారని ఒక అనుమానం, ఇంతేనా అని పెదవి విరుస్తారని ఇంకో అనుమానం. నా పుట్టుకే అంత. పాలవాణ్ణి చూస్తే నీళ్ళెన్ని కలిపాడో అనుకుంటాను. బస్సులో పక్కవాడు కళ్ళు మూసుకుంటే నిజంగా నిద్రపోతున్నాడా అని చూస్తాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఆ సామెత నా ముందు ఎవరన్నా, నన్ను ఉద్దేశించే అన్నారనుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. విజయవాడలో భూముల కొలతల కాంట్రాక్టులు చేసే ఒక చిన్న ఆఫీసులో నేను స్టోర్ చూసేవాణ్ణి. కొల్లేరు వైపు చేపల చెరువులు కొలిచే పని వచ్చింది. ఏ చెరువు ఎక్కడిదాకా ఉంది, గట్టు హద్దు దాటిందా లేదా, అన్నీ అక్కడికక్కడే ఎక్కించడానికి మా సారు ఒక లాప్‌టాప్ తెప్పించారు. మామూలుది కాదు, ఇనప్పెట్టెలా ఉండేది. దుమ్ము దూరదు, వాన చుక్క దిగదు, కిందపడినా పగలదు. అమ్మినతను మా ముందే దాని మీద గ్లాసుడు నీళ్ళు పోసి చూపించాడు. లోపల ఫ్యాను ఉండదని, వేడంతా పైనున్న లోహపు రేకు గుండానే బయటికి పోతుందని కూడా చెప్పాడు. ఆ మాట నేను విన్నాను. విన్నానని ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

అలాంటి వస్తువు నా చేతికి వచ్చేసరికి నాకు తిండి సహించలేదు. ఫీల్డుకు తీసుకెళ్ళేవాళ్ళు బ్యాటరీ మార్చేస్తారేమో. లోపలివి ఊడబీకి పాతవి పెట్టేస్తారేమో. మన ఇళ్ళలో కొత్త రిమోటుకు ప్లాస్టిక్ కవరు తీయం కదా, కొత్త కారు సీట్ల కవర్లు పీలికలయ్యేదాకా ఉంచుతాం కదా, నాకూ అదే బుద్ధి పుట్టింది. ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే అతని దగ్గర లోపల స్పాంజి వేయించి, నల్ల రెక్సిన్‌తో తొడుగు కుట్టించాను. తెరకు, మీటలకు, ఛార్జింగుకు మాత్రం ఖాళీ. వీపు, అడుగు, పక్కలు మొత్తం మూసేశాం. చివరి కుట్లు నేనే ఎర్రదారంతో వేసి, నాకు మాత్రమే గుర్తుండేలా ముడి వేశాను. ఎవరు విప్పినా నాకు తెలిసిపోవాలి. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. దసరాకు మిగతా పనిముట్లతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టాం.

దాన్ని ఫీల్డుకు తీసుకెళ్ళేది రాంబాబు. కొల్లేటి లంకల్లో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లో డిగ్రీ చదివి ఆఫీసు ఉద్యోగంలో చేరిన మొదటివాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఆ నవ్వు నాకు గిట్టేది కాదు. అంతలా నవ్వేవాడు ఏదో దాస్తున్నాడనిపించేది.

ఎండలు ముదిరాక గొడవ మొదలైంది. పొద్దున రోడ్డు పక్క చెరువులు చక్కగా కొలిచేవాడు. పడవెక్కి అవతలి లంక చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. అక్కడ ఆ లాప్‌టాప్ మిషన్ మొదట నత్తనడక నడిచి, తర్వాత తనంతట తానే ఆగిపోయేదట. సాయంత్రం ఆఫీసుకు తెచ్చేసరికి చల్లబడి, నా బల్ల మీద ఏమీ ఎరగనట్టు పనిచేసేది. ఆ లంకలో ఉన్న పెద్ద చెరువు అతని సొంత మేనమామది. ఇంకేం కావాలి నాకు?

ఎవరూ పిలవకుండానే సారు గదిలోకి వెళ్ళాను. నీళ్ళు పోసినా చెడని మిషన్ మేనమామ గట్టు మీదే ఎందుకు ఆగుతోంది సార్ అన్నాను. అంతే అన్నాను. అనుమానాన్ని ప్రశ్నలా అడిగితే నింద కాదని నా ధైర్యం.

మర్నాడు రాంబాబు స్టోర్‌కు వచ్చాడు. నవ్వలేదు.

"సార్, మీరన్నా నమ్మండి. మీటల మీద చెయ్యి పెడితే సుర్రుమంటందండీ. ఒక్క మజ్జానం నాతో రండి, మీ కళ్ళతో మీరే చూద్దురుగాని."

"నాకు ఇక్కడ పనుంది రాంబాబూ."

"పోనీ ఆ తొడుగు ఇప్పి చూడమంటారా? మీరు ఇప్పొద్దన్నారని నేను చెయ్యి పెట్టలేదండీ."

"విప్పితే దుమ్ము దూరుతుంది. విప్పకు."

దుమ్ము దూరని మిషన్‌కు దుమ్ము భయమేమిటి? ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వచ్చింది? అప్పటికే నాకు లోలోపల తెలుసా? లేక విప్పి ఏం మారుస్తాడోనన్న భయమే దుమ్ము పేరు పెట్టుకుని బయటికి వచ్చిందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకు అంతుచిక్కలేదు. అతను మాత్రం "సరేనండీ" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే అతన్ని పనిలోంచి తీసేశారు. సొంతవాళ్ళ కోసం మిషన్ ఆపేశాడన్న మాట అతనికన్నా ముందే ఊళ్ళోని కొలతల ఆఫీసులన్నిటికీ చేరింది. ఎవరూ పనివ్వలేదు.

మిగిలిన చెరువులు ముగించుకురమ్మని సారు నన్నే పంపారు. అదే గట్టు, అదే ఎండ. నీళ్ళ మీంచి వేడి మొహాన కొడుతోంది. రాంబాబు మేనమామ నా వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద గీత కదలడానికి మొరాయించింది. ఉన్నట్టుండి తెర మొత్తం నల్లబడింది. స్పాంజి సందులోంచి వేలు దూర్చాను. పొయ్యి మీది పెనం తగిలినట్టయింది.

అప్పుడు ఎర్రదారం వైపు చూశాను. నా కుట్లు. నా ముడి. ఒక్క పోగు కదలలేదు.

దొంగబుద్ధి ఉన్నవాడైతే ఎప్పుడో విప్పేవాడు. విప్పి ఉంటే మిషన్ నడిచేది, అతని ఉద్యోగం నిలిచేది. నా మాట విన్నందుకే అది పోయింది. బ్లేడుతో కుట్లు కోసి తొడుగు లాగేశాను. గొడుగు నీడన కాసేపు గాలి తగిలాక మిషన్ లేచింది, పని అయ్యేదాకా మళ్ళీ ఆగలేదు. మేనమామ గట్టు హద్దుకు లోపలే ఉంది. అక్కడ దాచడానికి ఏమీ లేదు. నేను కుట్లు కోయడం ఆయన చూశాడు. ఏం అర్థమైందో నేను అడగలేదు.

ఆఫీసుకు వచ్చాక మిషన్ ఎలా ఉందని సారు అడిగారు. నా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు సార్ అన్నాను. తొడుగు అప్పటికే నా సంచిలో ఉంది. అనుమానం నా జబ్బని చెప్పుకోవచ్చు. ఈ మాట మాత్రం జబ్బు కాదు, తెలిసి ఆడిన అబద్ధం. నా ఉద్యోగం పోతుందని, నలుగురిలో నవ్వులపాలవుతానని ఆడాను.

తర్వాత రాంబాబు హనుమాన్ జంక్షన్‌లో సోడా బండి పెట్టుకున్నాడు. బస్సు అక్కడ ఆగినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఒకసారి అతనే చూసి, చల్లటి సోడా తెచ్చి కిటికీలోంచి అందించాడు. "బాగున్నారాండీ" అన్నాడు. అదే నవ్వు. మేనమామ చెప్పాడా? తెలిసే ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా? ఆ సోడా నేను తాగలేదు. చేతిలో పట్టుకునే కూర్చున్నాను. గన్నవరం దాటేసరికి అది వేడెక్కిపోయింది.

తొడుగును చాలాసార్లు తగలబెడదామనుకున్నాను. రెక్సిన్ వాసనకు మా ఆవిడ అడుగుతుందని ఊరుకున్నాను. సారు ఇప్పుడు లేరు. చెప్పాల్సిన చోట చెప్పే అవకాశం ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. రాంబాబు మాత్రం ఉన్నాడు, ఆ జంక్షన్‌లోనే ఉన్నాడు. అయినా మీకు చెబుతున్నాను, అతనికి చెప్పడం లేదు. అదీ గమనించే ఉంటారు.

రాంబాబు మిషన్ ఆపలేదు. నేను తొడిగిన తొడుగు ఆపింది. అది తెలిసీ నేను నోరు మూసుకున్నాను. ఈ మూడు మాటలూ ఒకచోట రాయడం ఇదే మొదటిసారి. క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వగలిగింది మీరు కాదు. కాస్త ఊపిరి మాత్రం ఆడుతోంది.