పరీక్ష కాగితంలో తెగిన గీతలు

2023 జూన్ 12, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మల్లాపూర్‌లోని ఒక చిన్న కార్ఖానాలో నేను తొలిసారి తెలివితేటల పరీక్ష నిర్వహించాను. అక్కడ ఇనుప కాస్టింగులను, అంటే పోత పోసిన పీసులను, నునుపు చేసి పంపుతారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ఆ కార్ఖానా ఆఫీసులో చేరి మూడు వారాలైంది. పీసుల్లో లోపాలు పట్టే చెకింగ్ టేబుల్ పనికి ముగ్గురు పనివాళ్లలో ఒకరిని ఎంపిక చేయమని మేనేజరు నాకు అప్పగించారు.

ఆ ముగ్గురిలో ఒకామె పదకొండేళ్లుగా ట్రేలు మోస్తోంది. మోకాళ్లు అరిగాయి. కూర్చునే పని దొరకకపోతే మానుకోక తప్పదని దవాఖానాలో చెప్పారట.

ప్రతి ప్రశ్నలో ఒక ఖాళీ, దాని కింద ఆరు బొమ్మలు. “బాగా పరిశీలించి సున్నా చుట్టండి” అని మాత్రమే చెప్పాను. ఖాళీకి సరిపోయే బొమ్మను గుర్తించాలని వేరే చెప్పనవసరం లేదనుకున్నాను.

ఇరవై ప్రశ్నల్లో ఆమె జవాబులు రెండే సరిపోయాయి. కొన్నిచోట్ల రెండేసి సున్నాలు, కొన్నిచోట్ల ఒక్కటీ లేదు.

“అక్కా, ఇవన్నీ తప్పులే గదా,” అన్నాను.

“తప్పులే గదమ్మా, అందుకే సున్నా చుట్టిన. సూడు, ఈ గీత తెగింది. గీ డబ్బాకు మూల గలవలే.”

ఆ కార్ఖానాలో పనికిరాని పీసుకు సుద్దముక్కతో సున్నా చుడతారు. ఆ సంగతి తెలిసీ నాకు తట్టలేదు.

“మేడం కాగితాలనే రిజెక్ట్ జేసిందిరో!” పోటీలో ఉన్న మరొకతను నవ్వాడు.

“నవ్వకు మామా, నీ పీసులు కూడా మస్తు వాపస్ పంపుతా,” అందామె.

కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. నాచారంలో జిరాక్స్ తీయించినప్పుడు పడిన, వెంట్రుకంత సన్నని సందులు గీతల్లో కనిపించాయి. పంచేముందు రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్కటీ నా కంటపడలేదు.

అన్ని పనుల వెనుకా ఒకే సామాన్య శక్తి ఉంటుందని ఒక సిద్ధాంతం. మాట, లెక్క, ఆకారం, నాదం, శరీరం, ఇలా తెలివి పలు రకాలని మరొకటి. రోజువారీ పనిలోని నేర్పును విడిగా చూడాలని ఇంకొకటి. వీటన్నిటినీ వ్యాసంగా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ కాగితం పట్టుకున్నప్పుడే వాటిలో ఒక మనిషి నాకు కనిపించింది.

మేనేజరు దగ్గరికి వెళ్లి, నా పరీక్ష ఈ పనికి తగినది కాదని ఒప్పుకున్నాను. పగుళ్లు పట్టడానికి ముగ్గురికీ తలా ఒక ట్రే పీసులు ఇప్పించమని అడిగాను. ఆమె చిన్న ఇనుప కడ్డీతో ఒక్కొక్క పీసునూ తట్టి, తల వంచి వింది.

“మంచిది గణగణ మోగుతది. పగిలింది మొద్దుగ పలుకుతది.”

నాలుగు పక్కన పెట్టింది. నూనె రాసి తుడిచి, సుద్దపొడి చల్లితే, లోపల మిగిలిన నూనె పైకి ఊరి నాలుగింటిలోనూ పగుళ్లు తేలాయి. మిగతా ఇద్దరి ట్రేలు కూడా ఆమెకే ఇచ్చారు. వాళ్లు వదిలేసిన రెండు పగుళ్లు ఆమెకు వినిపించాయి.

మరుసటి సోమవారం నుంచి ఆమె చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పనిచేస్తోంది. ఆ పనికి బొమ్మల పరీక్ష పెట్టడం నేను మానేశాను.