జర ఆగుండ్రి సాబ్

జనవరి మూడు. మంచు పోస్టు. హెలికాప్టరు దించింది నలుగురిని: సుబేదారునైన నేను, నర్సింగ్ అసిస్టెంటు, రేడియో ఆపరేటరు, వంటవాడు. నేనూ నర్సింగ్ అసిస్టెంటూ కింది బంకరులో, మిగతా ఇద్దరూ పై బంకరులో. మధ్య నిటారు దారి.

ఆపరేటరుదీ నాదీ ఒకే ఊరు; అతనిది బర్కత్‌పుర, నాది చిక్కడపల్లి. "క్రాస్‌రోడ్స్ సిగ్నల్ కాడ నిలబడ్డోళ్ళకు ఈ చలి ఓ లెక్కనా సాబ్?" అనేవాడు.

రోజూ ఆరింటికి చాయ్‌కి పైకెక్కేవాణ్ణి. రెండో వారంలో ఒక ఉదయం పై బంకరు నుంచి ఫోన్ మోగింది. ఆపరేటరు.

"జర ఆగుండ్రి సాబ్. చాయ్ అయితున్నది. అయినంక నేనే ఫోన్ చేస్త."

ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పైన మంచు వాలు విరిగిపడింది. నేను ఎక్కాల్సిన దారి పోయింది. పై బంకరు పోయింది.

పారలతో తవ్వాం. వంటవాడు బతికాడు. ఆపరేటరు చెయ్యి ఫోన్ మీద ఉంది. ఆ మూల కూలలేదు. పక్కనే నా స్టీలు గ్లాసు. చల్లారకుండా మూత పెట్టాడు. చాయ్ లోపల గడ్డకట్టి ఉంది.

రిటైరై ఇంటికొచ్చాను. టపాకాయలకు ఉలిక్కిపడలేదు. "జర ఆగుండ్రి" అని వినిపిస్తే మాత్రం కాళ్ళు కదిలేవి కావు. ఒకసారి రోడ్డు మధ్యలో ఎవరో అన్నారు. బస్సు నా మోచేతిని రాసుకుంటూ ఆగింది. బయటికి వెళ్ళడం మానేశాను.

"ఈ ఊర్ల ఆ మాట అననోళ్ళు ఎవరుంటరు? ఎన్నేండ్లు ఇంట్ల కూసుంటరు?" అని నా భార్య నారాయణగూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మెదడుల బాదంగింజంత భాగం ఉంటది సార్," అంది ఆమె. "ఆ మాటను, మంచును కలిపి ముడేసింది. ఆ ముడి పోదు. ఆ మాట మళ్ళమళ్ళ వినాలె. ఏం కాలేదని నుదుటి ఎనక భాగం నేర్చుకుంటది, ఆ బెదురును మెల్లగ ఆపుతది. తట్టుకునుడంటే గదే. వినకుండ కూసుంటే ఎట్ల నేర్చుకుంటది?"

మర్నాడు ఉదయం అశోక్‌నగర్‌లో చాయ్ బండి దగ్గరికి వెళ్ళాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు గుమిగూడి ఉన్నారు. బండి నడిపే ఆమె తలెత్తింది.

"జర ఆగుండ్రి సార్. చాయ్ అయితున్నది."

కాళ్ళు బిగుసుకున్నాయి. నిలబడ్డాను. చాయ్ పొంగింది. ఏమీ పడలేదు. గ్లాసు చేతికొచ్చింది. నా అరచెయ్యి దానంతటదే వెళ్ళి దాన్ని మూసింది.

"ఏంది సార్, తాగరా? సల్లగైతది."

"జర ఆగమ్మా," అన్నాను.