డాక్టరమ్మ కారు వెనకద్దం

ఇప్పుడంటే ఏ ఊర్ల చూసినా కార్లే గని, మేము పడుచుపిల్లలుగా ఉన్న కాలంల కారంటే ఒక మనిషి లెక్క. అది ఊర్లెకు వచ్చిన దినం, ఖరాబైన దినం, మళ్ళ బాగైన దినం అందరికీ యాదికి ఉండేవి. ఆదిలాబాద్ దిక్కు బోథ్‌ల మా సర్కారు దవాఖాన ముందట నిలబడి ఉండే నల్లకారు గూడ అసువంటిదే. అది మా డాక్టరమ్మది. ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేండ్లకు ఆమె కృష్ణ ఒడ్డు నుంచి మా దిక్కు బదిలీ అయి వచ్చింది. అడవి కంట్రాక్టరొకాయన వాడి వాడి విడిచిపెట్టిన కారును కొని, డ్రైవరును పెట్టుకోకుండ తనే నడిపేది. చీర కొంగు నడుముకు చెక్కి, ముక్కు మీదికి అద్దాలు దోసుకుంట ఆమె కారు నడుపుతుంటే బండ్లోళ్ళు ఎడ్లను పక్కకు ఆపి చూసేటోళ్ళు. దండం పెట్టేటోళ్ళు గూడ ఉండిరి. (ఆ దండం ఆమెకా, కారుకా అన్నది నాకు ఎన్నడూ తెలువలే.)

నేను ఆ దవాఖానల కొత్త నర్సును. హుజూరాబాద్ దగ్గర నేత పని చేసుకునే ఇంట్ల పుట్టి, బాపు మగ్గం పక్కన కండెలు చుట్టుకుంట పెరిగిన. కరీంనగర్ల కాన్పుల పని నేర్చుకున్న. నేర్చుకున్న అంటే, పాఠం వచ్చింది గని ధైర్యం రాలే. అక్కడి పెద్ద నర్సమ్మ ఒకనాడు అందరి ముందట నా చేతులు చూసి, "ఏందే, గట్ల వణుకుతున్నయి? నువ్వు బిడ్డను పడుతవా, పడేస్తవా?" అన్నది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన గని ఆ మాట లోపల ముల్లు లెక్క ఉండిపోయింది. బోథ్‌కు వచ్చినంక నీళ్ళు కాగబెట్టేదాన్ని, కత్తెర్లు ఉడకబెట్టేదాన్ని, తల్లి చెయ్యి పట్టుకొని ధైర్యం చెప్పేదాన్ని. బిడ్డ వచ్చే సమయానికి మాత్రం మెల్లగ డాక్టరమ్మ వెనకకు జరిగేదాన్ని. ఊరంత నన్ను 'నర్సమ్మ' అని పిలుస్తుంటే సిగ్గయ్యేది. దసరాకు ఇంటికి పోయినప్పుడు "బాపూ, ఇది నాతోని కాదు, మళ్ళ కండెలే చుట్టుకుంట" అని చెప్పుదామని మనసుల గట్టిగ అనుకున్న. డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పలే.

ఎండలు ముదిరిన ఆ రోజుల్లనే ఒక పటేల్ ఇంటికి కాన్పుకు పోయినం. కాన్పు కష్టమైంది గని తల్లీ బిడ్డా మంచిగ బయటపడ్డరు. మేము కారెక్కబోతుంటే ఆ ఇంటి ముసలవ్వ ఒక కొమ్ముల పొట్టేలును గుంజుకుంట వచ్చింది.

"ఏంటమ్మా ఇది?" అన్నది డాక్టరమ్మ.

"పొట్టేలు."

"అది కనపడుతోందిలే. నాకెందుకు?"

"కోసుకొని తిను."

"నేను మాంసం ముట్టనమ్మా."

ముసలవ్వ జర ఆలోచించింది. "అయితే సాదుకో" అన్నది.

వద్దంటే అవ్వ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నీళ్ళు చూస్తే డాక్టరమ్మ ఆగలేదు. ఇద్దరు మనుషులు పొట్టేలును ఎత్తి వెనక సీట్ల నిలబెట్టిన్రు. నేను ముందట కూసున్న. మొదలు అది చానా మర్యాదగ ఉండె, పెద్ద ఆఫీసరు లెక్క ఆ పక్కా ఈ పక్కా చూసుకుంట వచ్చింది. ఊరు దాటేటప్పుడు దాని మంద మాకు ఎదురై, మమ్ములను దాటి వెనకకు పోయింది. వాటి అరుపు విన్నది అంతే! వెనక ధన్‌మని ఒక చప్పుడు, దాని మీద గంపెడు పటికబెల్లం గుమ్మరించిన చప్పుడు. మర్లి చూస్తే అద్దం లేదు, పొట్టేలు లేదు. ఉన్నదల్ల దాని వాసన.

డాక్టరమ్మ కారు ఆపింది. ఇద్దరం దిగినం. దూరంల దుమ్ము లేపుకుంట పొట్టేలు ఇంటి తొవ్వ పట్టి ఉరుకుతుంది.

"పాపం, దానికి దెబ్బ తగల్లేదు కదా?" అన్నది డాక్టరమ్మ.

"గట్ల ఉరుకుతుంటే ఇంక దెబ్బెక్కడిది డాక్టరమ్మా? దెబ్బంత మనదే!" అన్న నేను.

ఆ తర్వాత మా బతుకు దుమ్ముల పడ్డది. కారు ముందటికి పోతుంటే వెనక లేసిన దుమ్మంత అద్దం పోయిన ఆ పొక్కల నుంచి లోపలికి వచ్చి మా మీదనే కూసునేది. తెల్లచీర కట్టుకొని బయలెల్లిన డాక్టరమ్మ గోధుమరంగు చీరతోని దిగేది. దవాఖాన చప్రాసి తాత ఒక ఉపాయం చేసిండు. వార్డు దుప్పటి తెచ్చి పొక్కకు అడ్డం కట్టిండు. కారు ఉరికితే అది టపటప కొట్టుకునేది, ఎడ్లు బెదిరి చేన్లల్ల పడేటివి. నాకైతే వానల ఫికర్ పట్టుకున్నది. మా చేత గాని కాన్పు వస్తే ఆ వెనక సీట్లనే పండబెట్టి ఆదిలాబాద్ తీసుకపోయేది. వానలు మొదలైతే నొప్పులు పడే మనిషి తడుసుకుంట పోవాల్సిందేనా?

బోథ్‌ల సైకిళ్ళ దుకాణం తప్ప ఇంకో మరమ్మతు దుకాణం లేకుండె. నాగ్‌పూర్‌కు కలప తోలే లారీ డ్రైవరొకాయన ఉండె, ఆయన పెండ్లాం మా దవాఖానల్నే కన్నది. మేమందరం ఆయనను లారీమామ అనేది. ఆయన తెలుగుల సగం మరాఠీ. డాక్టరమ్మ ఆయనను పిలిపించి, పాత పేపరును పొక్క కొలతకు కత్తిరించి చేతికిచ్చింది. (కారు ఆ దినం వెనక కొట్టంల ఉండె. దాని గతి ఆయన చూడలే.)

"ఒక అద్దం కావాలయ్యా. సరిగ్గా ఈ కొలతకి."

"అద్దమంటే, ఆర్సా?" అన్నడు లారీమామ.

"అరిసెలు కాదయ్యా! అద్దం, అద్దం! మంచిది చూసి తీసుకురా. మసగ్గా ఉండకూడదు, తళతళలాడిపోవాలి."

"మొఖం కనబడాల్నా?"

"ఆఁ, అంత శుభ్రంగా ఉండాలి!"

నేను లోపల సూదులు ఉడకబెట్టుకుంట ఈ మాటలన్ని విన్న గని నాకూ మతలబ్ ఎక్కలే. మరాఠీల ఆర్సా అంటే మొఖం చూసుకునే అద్దమని తెలువడానికి లారీమామ తిరిగి వచ్చేదాక ఆగవలసి వచ్చింది. ఆయన గడ్డిల చుట్టి, బొంతల కట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిండు. చప్రాసి తాత, నేను, వార్డుల ఆడోళ్ళు అందరం చుట్టు నిలబడ్డం. డాక్టరమ్మ బొంత విప్పింది. అద్దంల ఆమె మొఖమే ఆమెకు కనబడ్డది.

"నేను ఇంత నల్లబడ్డానా?" అన్నది డాక్టరమ్మ.

లారీమామను తీసుకపోయి కారు చూపెట్టినం. ఆయన తల పట్టుకున్నడు. "గీ పొక్కకా బాయీ! కాంచ్, ఉత్త గాజు అని ముందుగాల్నే అంటే అయిపోవు గద! డాక్టరమ్మ ఇంట్ల సోకు కోసమనుకొని, దుకాణపోన్ని సతాయించి గీ కొలతకు కోపిచ్చిన!" అన్నడు. డాక్టరమ్మ ఆయనను ఒక్క మాట అనలే. ఆ అద్దాన్ని ఆడోళ్ళ వార్డుల గోడకు పెట్టించింది. బాలింతలు లేచి నడిచిన మొదటి దినమే దాని ముందట నిలబడి తల దువ్వుకునేటోళ్ళు. అంతకు ముందు మా మందులకు రాని కళ ఆ అద్దంతోని వచ్చింది.

మరో తిరుగుడుల లారీమామ అసలు అద్దం తెచ్చిండు. పాత కార్లు విప్పి అమ్మే కాడ అదే తీరు కారు దొరికిందట, దాని వెనకద్దాన్ని చుట్టూ ఉండే రబ్బరుతోని సహా ఊడబీకి పట్టుకొచ్చిండు. రబ్బరు గాడిల తాడు పెట్టాలె, అద్దాన్ని బయట నుంచి ఒకరు ఒత్తి పట్టాలె, లోపల నుంచి ఒకరు తాడు గుంజుకుంట పోవాలె, రబ్బరు అంచు అదే లోపలికి ఎక్కుతది అని చెప్పి, లోడు ఆగి ఉన్నదని ఎల్లిపోయిండు.

మేము మొదలుపెట్టినం. డాక్టరమ్మ కొంగు చెక్కి కారు వెనక నిలబడి రెండు అరచేతులతోని అద్దాన్ని ఒత్తి పట్టింది. నేను వెనక సీట్ల మోకాళ్ళ మీద కూసోని తాడు గుంజుతున్న. తాత సబ్బునీళ్ళ ముంతతోని తయారుగ ఉన్నడు. రబ్బరు జర ఎక్కుతది, మళ్ళ జారుతది.

"తొందరపడకు అమ్మాయ్! దాని దారిన దాన్ని రానీ. మనం ఊరికే తోడుండాలి, అంతే," అన్నది డాక్టరమ్మ. కాన్పు గదిల అనే మాటలే అవి. నాకు నవ్వొచ్చింది.

సగం ఎక్కిందో లేదో గూడుబండి ఒకటి దవాఖాన వాకిట్లకు వచ్చింది. తొలిచూలు పిల్ల, నొప్పులతోని మూలుగుతుంది. పక్కన ఆమె అత్త. ఆ అత్తది ఊరంత గొంతు. నేను తాడు విడిచిపెట్టి ఉరికి పిల్లను లోపలికి తీసుకపోయి, పరీక్ష చేసి, మళ్ళ బయటికి ఉరికి వచ్చిన.

"డాక్టరమ్మా, ఎక్కువ సేపు పట్టదు. మీరు రావాలె."

"ఎలా రానమ్మా? చేతులు తీస్తే ఇది కింద పడుతుంది. నువ్వు వెళ్ళు."

"నేనా?"

"అంతా సరిగ్గానే ఉందా? తల కిందికే ఉందా?"

"ఉన్నది."

"మరింకేం? వెళ్ళు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఒక్క కేక పెట్టు, అద్దం పోతే పోయింది, నేను వచ్చేస్తాను."

"నేను పట్టుకుంట తియ్యమ్మా," అన్నడు తాత.

"నీ చేతుల్లో థర్మామీటర్లే బతకట్లేదు. నువ్వు లోపల కూర్చుని తాడు లాగు," అన్నది డాక్టరమ్మ.

నేను లోపలికి పోయిన. కాన్పు గది కిటికీ వాకిట్లకే ఉండె గని, నా గొంతు కిటికీ దాటేది కాదు. అందుకని అత్త వసారాల నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరేసే పని పెట్టుకున్నది. ఆమెను ఎవ్వలూ అడగలే.

"నొప్పులు దగ్గర దగ్గర వస్తున్నయంట!" అని అటు అరిచేది.

"మంచిదే. తొందరపడొద్దని చెప్పు. మధ్యలో ఊపిరి పీల్చుకోమను," అని డాక్టరమ్మ.

"ఊపిరి తీసుకోవాల్నంట!" అని ఇటు అరిచేది. ఇంతవరకు బాగనే నడిచింది. జర సేపటికి, "మూలకి సబ్బునీళ్ళు పోయమంటుంది!" అన్నది. నాకు సమజ్ కాలే. గది నాలుగు మూలలు చూసిన. కారు పనిల డాక్టరమ్మ తాతకు చెప్పే మాటలు గూడ మా గదిల పడుతున్నయని అప్పుడు తెలిసింది. నేను ఆ సంగతి అత్తకు చెప్పేలోపల ఆమె దర్వాజ కాడికి వచ్చింది. మొఖంల నెత్తురు లేదు. గొంతు తగ్గించింది గని ఆమె తగ్గించిన గొంతు మామూలు మనిషి అరిచినట్టే ఉంటది.

"బిడ్డా, స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగ పైకి లేపమంటుంది..."

మంచం మీది పిల్ల ఆ మాట విన్నది. "వద్దు! వద్దు! నేనే కంట! నేనే కంట!" అని ఒక్క కేక పెట్టి, ఉన్న బలమంత పెట్టింది. తల వచ్చింది. నాకు భయపడేటందుకు తీరిక దొరకలే. నా చేతులు వాటి పని అవి చేసుకుంట పోయినయి. తల పట్టిన, మెడ చుట్టు పేగు ఉన్నదా అని వేలుతోని చూసిన, భుజం వచ్చింది, ఇంకో భుజం వచ్చింది, ఆ తర్వాత వెచ్చగ, బరువుగ, తడితడిగ ఒక ఆడపిల్ల నా అరచేతులల్లకు జారింది. ఆ క్షణం నేను గూడ ఊపిరి తీసుకోలే. అంతల ఆ పిల్ల ఏడ్చింది. అత్త గొంతు దానికే వచ్చిందని ఆ ఏడుపుల్నే తెలిసిపోయింది.

"ఏడ్చిందా?" అని బయట నుంచి డాక్టరమ్మ.

"ఏడ్చింది!" అని నేను అరిచిన. నా గొంతు కిటికీ దాటింది.

తల్లీబిడ్డల పని అంత తీరినంక బయటికి వచ్చిన. పొద్దు గూట్ల పడుతుంది. డాక్టరమ్మ అట్లనే రెండు చేతులు అద్దానికి ఆనించి నిలబడి ఉన్నది. జుట్టు ఊడిపోయింది, చెమటకు జాకెట్టు తడిసింది. తాత వెనక సీట్ల ఒరిగి గుర్రు పెడుతున్నడు. తాడు మొత్తం ఆయన ఒళ్ళె కుప్పగ పడి ఉన్నది.

"మాయ పూర్తిగా పడిందా? తిప్పి చూశావా?"

"చూసిన డాక్టరమ్మా."

"రక్తం?"

"మామూలే."

ఆమె మెల్లగ చేతులు తీసింది. అద్దం కదలలే. మా మాటల చప్పుడుకు తాత లేచి, కండ్లు నులుముకుంట, "అది ఎప్పుడో కూసున్నది గదమ్మా..." అనబోయిండు. "నువ్వు పడుకో తాతా," అన్నది డాక్టరమ్మ.

నిద్రల నుంచి లేచి గొప్పలు చెప్పుకుంటున్నడనుకున్న నేను. నాకు ఆ మాట పట్టించుకునే తీరిక లేదు. నేను ఆ నిమిషాన బోథ్‌ల ఎవ్వల కన్నా పెద్దదాన్ని. డాక్టరమ్మను చూస్తే పాపమనిపించింది. ఒక్క అద్దం కోసం గింత పొద్దు! దగ్గరికి పోయి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఫికర్ చెయ్యకుండ్రి డాక్టరమ్మా. చేసుకుంట పోతే మీ చేతులకు గూడ అలవాటైతది," అని ధైర్యం చెప్పిన.

ఆమె నవ్వలే. ముక్కు మీది అద్దాలు సర్దుకొని, "నిజమేనమ్మా. నిన్ను చూసి నేర్చుకోవాలి," అన్నది.

దసరాకు ఇంటికి పోయిన గని బాపుతోని చెప్పుదామనుకున్న మాట చెప్పలే. ఆ తర్వాత బెల్లంపల్లిల, ఇంకా ఎన్నో ఊర్లల్ల ఎందరు పిల్లలను పట్టిన్నో లెక్క పెట్టుకోలే. డాక్టరమ్మ బదిలీ మీద ఎల్లిపోయింది, కారు ఎవ్వలకో అమ్మింది, మళ్ళ ఆమెను చూడలే. చానా ఏండ్లకు ఒకనాడు, ఏ కారణం లేకుండ, చాయ తాగుకుంట కూసున్నప్పుడు తాత ఒళ్ళెకు కుప్పగ పడ్డ తాడు కండ్ల ముందటికి వచ్చింది. తాడు మొత్తం బయటికి వచ్చిందంటే అద్దం ఎప్పుడో లోపలికి ఎక్కి ఉండాలె గద! మరి ఆమె ఎండల, చెమటల, ఉత్త అద్దానికి చేతులు ఆనించి అంత సేపు ఎందుకు నిలబడ్డట్టు?

చాయ చల్లారిపోయింది. ఇప్పుడు గూడ కండ్లు మూసుకుంటే ఆ వాకిట్ల ఆ పడుచుపిల్ల కనబడుతది. డాక్టరమ్మ భుజం తట్టి, తల ఎత్తుకొని, బిడ్డను ఇంకోసారి చూసుకునేటందుకు వార్డు దిక్కు టకటక నడిచిపోతుంటది. పిలిచి ఆ తాడు సంగతి చెప్పుదామా అనుకుంట. నోరు రాదు. పోనీ, నడవనీ అనుకొని నాలో నేనే నవ్వుకుంట.