కూర్చోబెట్టిన మర్యాద

ప్రఫుల్లకు పని చేయడం వచ్చినంత బాగా పని చెప్పడం రాదు. ఈ సంగతి ఆమెకు నలభై ఆరో ఏట, అదీ ఒక డెన్మార్క్ కంపెనీ పుణ్యమా అని తెలిసింది. అంతదాకా ఆమె దాన్ని తన సుగుణాల్లో ఒకటిగానే జమ వేసుకుంటూ వచ్చింది. చుట్టుపక్కల తెలుగువాళ్లు కూడా అలాగే మెచ్చుకుంటూ వచ్చారు కాబట్టి తప్పంతా ఆమెదే అనడానికి వీల్లేదు.

పాలకొల్లులో పుట్టి, నరసాపురంలో బీకాం చదివి, సదాశివాన్ని పెళ్లాడి ఇంగ్లండులోని బ్రాక్‌నెల్ వచ్చింది. సదాశివం ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పరీక్షలు చేసే విభాగంలో ఉన్నాడు. ఇంట్లో మాత్రం దేన్నీ పరీక్షించడు, కంచంలో పడింది తిని లేస్తాడు. కూతురు సాత్విక బడికి వెళ్లడం మొదలుపెట్టాక పగలు తోచక, ప్రఫుల్ల ఊరి చివర, పెద్ద పెద్ద షాపులన్నీ ఒకచోట ఉండే రిటైల్ పార్కులో కొత్తగా వెలిసిన డేనిష్ షాపులో పార్ట్‌టైమ్ పనికి కుదిరింది.

డెన్మార్క్‌లో ఏదో చిన్న ఊళ్లో దుప్పట్లూ దిండ్లూ అమ్ముతూ మొదలైన ఒకే ఒక్క కొట్టట అది. సరిహద్దు దాటింది, సముద్రం దాటింది, ఇప్పుడు ఎన్ని దేశాల్లో ఉందో అందులో పనిచేసేవాళ్లే తడుముకోకుండా చెప్పలేరు. ఇంగ్లండులో దాని పద్ధతి తేలిక. ఏ పాత కంపెనీ దివాలా తీసి షెడ్డు ఖాళీ చేస్తుందా అని కాచుకుని ఉంటుంది. చేసీ చేయగానే పాత బోర్డు దించి తన బోర్డు ఎక్కిస్తుంది. పరుపులు, కర్టెన్లు, తువ్వాళ్లు, తోటలో వేసుకునే కుర్చీలు లారీల్లో దిగుతాయి. కొత్త షాపు తెరిచినప్పుడల్లా పాత షాపుల నుంచి చేయి తిరిగిన వాళ్లను కొన్ని వారాలు పంపుతారు.

ప్రఫుల్ల అలా రెడింగ్ వెళ్లింది, స్విండన్ వెళ్లింది, సౌతాంప్టన్ వెళ్లింది. వెళ్లిన ప్రతిచోటా ఖాళీ షెడ్డును పెళ్లివారిల్లులా చేసి వచ్చింది. డబ్బాలు విప్పడం, అరలు సర్దడం, మంచాల మీద దుప్పట్లు ముడత లేకుండా పరచడం, అన్నీ తనే. కొత్తగా చేరిన పిల్లలు చేతులు కట్టుకుని చూస్తుంటే చూడనిచ్చేది. మెగన్ అనే అమ్మాయికి బొంతకు గలీబు తొడగడం నేర్పింది ప్రఫుల్లే. ఆ మెగన్ ఇప్పుడు రెడింగ్ షాపు మేనేజరు. ప్రఫుల్ల మాత్రం బ్రాక్‌నెల్‌లోనే ఉంది, మేనేజరు లేనప్పుడు షాపు చూసుకునే మనిషిగా.

అందుకే లండన్ శివారు స్టాన్‌మోర్‌లో షాపు తెరుస్తున్నారన్న కబురు వినగానే ఆమె ప్రాణం లేచి వచ్చింది. ఆ చుట్టుపక్కల మనవాళ్లూ గుజరాతీలూ బోలెడంత మంది. పొద్దున్నే మోటార్‌వే మీద గంట డ్రైవింగైనా సరే, ఆ షాపు తనదే కావాలని పట్టుబట్టి దరఖాస్తు పెట్టింది. ఎన్నో షాపులు తెరిచిన చేతులవి, ఒక్కదానికైనా యజమానురాలిలా తాళం తీయాలన్న కోరిక ఆమెకు లోలోపల చాలాకాలంగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ కంపెనీలో ఒక ఆచారముంది. హెడ్ ఆఫీసులో ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లయినా ఏడాదికి ఒక రోజు ఏదో ఒక షాపుకు వచ్చి అడుగున ఉండే పనివాడిలా పనిచేయాలి. ఎవరినైనా మేనేజర్ని చేద్దామనుకుంటే వాళ్ల చేతికిందే ఆ పెద్దవాళ్లను ఆ రోజు పనికి వేస్తారు. ప్రాంతీయ మేనేజరు కేరన్ ఫోన్ చేసి ఈ మాటే విడమరిచి చెప్పింది.

“మంగళవారం మీ మేనేజరు ఉండని రోజు చూసి నీల్స్ మీ షాపుకు వస్తాడు. కంపెనీలో చాలా పెద్దవాడు. కానీ ఆ రోజంతా నువ్వు చెప్పిన పని చేయాల్సిన మనిషి. దయచేసి మర్యాదలేమీ వద్దు.”

మర్యాదలేమీ వద్దు అనే మాట ప్రఫుల్లకు కొత్తా! వాళ్ల వైపు వియ్యాలవారు గుమ్మంలో కాలుపెడుతూనే అనే మొదటి మాట అదే. అన్నారు కదాని నిజంగానే ఊరుకుంటే, ఆ ఊరుకున్న సంగతి మనవల పెళ్లిళ్లదాకా చెప్పుకుంటారు. వద్దన్నకొద్దీ రెండింతలు చేయడమే తెలిసిన ఇల్లు వాళ్లది. కేరన్ ఇంగ్లీషులో అన్నా ఆ మాట ప్రఫుల్ల చెవిలో పాలకొల్లు మాటగానే పడింది. సోమవారం సాయంత్రం కూర్చుని జంతికలు వండింది. మంగళవారం పొద్దున పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంది.

నీల్స్ తొమ్మిదింటికల్లా వచ్చేశాడు. నిట్రాటలా పొడుగ్గా ఉన్నాడు, తల ముగ్గుబుట్ట. కంపెనీ టీషర్టు వేసుకుని, చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

“చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టను?” అన్నాడు.

అప్పుడే లారీ వచ్చి దిండ్లూ బొంతలూ దింపి వెళ్లింది. గోదాం నిండా డబ్బాలు. వాటికేసి ఆశగా చూస్తున్నాడాయన.

“ముందు కూర్చోండి సర్. ప్రయాణం చేసి వచ్చారు,” అంది ప్రఫుల్ల.

అమ్మకానికి పెట్టిన తోట కుర్చీల్లో మంచిది చూసి, మీద మెత్త వేసి, ఆయన్ని కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. జంతికలు పెట్టింది. ఆయన మొహమాటానికి రెండు తిని, బాగున్నాయని లేవబోయాడు. ఆమె మరో నాలుగు పెట్టింది. డబ్బాలు తను విప్పుకుంది.

కాసేపటికి ఆయన మళ్లీ వచ్చాడు. “ఆ పై అర నేను సర్దుతాను, నాకు చేయి అందుతుంది.” అందుతుందని ఆమెకూ కనిపిస్తూనే ఉంది. అయినా నిచ్చెన తెచ్చుకుని తనే ఎక్కింది. తండ్రి వయసువాడి చేత బరువులు ఎత్తించి, కింద నిలబడి చూడటానికి తనేం రాక్షసా?

మధ్యలో ఒక ముసలావిడ దిండు కోసం వచ్చి, కుర్చీలో ఖాళీగా ఉన్న ఆయన్నే అడిగింది. నీల్స్ చటుక్కున లేచాడు. ఆవిడ ఎటు తిరిగి పడుకుంటుందో అడిగాడు, ఒక దిండు తీసి నొక్కి చూపించాడు, మరొకటి తీశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ప్రఫుల్ల అది గమనించేలోపే ఆమె కాళ్లు పరుగు తీశాయి.

“అయ్యో సర్, మీకెందుకు శ్రమ! నేను చూసుకుంటాను కదా,” అంటూ దిండు ఆయన చేతిలోంచి అందుకుంది.

ఆయన మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తరవాత ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం పులిహోర పెడితే తిన్నాడు. సాయంత్రం వెళ్తూ, కోటు తొడుక్కుంటూ, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

“ప్రఫుల్లా, నేను మొదటి కొట్టులో దిండ్లలో ఈకలు కూరే పనికి చేరాను. ఈ ఏడాది రిటైరవుతున్నాను. ఆఫీసులో అందరూ నా చేతిలోంచి ఒక్కొక్క పనీ తీసేసుకుంటున్నారు, మీలాగే, ఎంతో మర్యాదగా. ఇక్కడికొస్తే డబ్బాలు మోయనిస్తారనుకున్నాను. నేను ముసలివాణ్నయిపోయానని ఇవాళ తెలిసినట్టుగా ఎప్పుడూ తెలియలేదు.”

ఆయన కోపంగా అనుంటే బాగుండేది. థాంక్స్ చెప్పి మరీ వెళ్లాడు.

శుక్రవారం సాయంత్రం షాపు కట్టేసే వేళకు కేరన్ ఫోన్ వచ్చింది. స్టాన్‌మోర్ వేరేవాళ్లకు ఇచ్చారు. “నీ షాపు అద్దంలా ఉంటుంది, అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ నువ్వు ఒక్కదానివే తుడుస్తున్న అద్దం అది,” అంది కేరన్. వెంటనే సారీ కూడా చెప్పింది.

ఇల్లు చేరేదాకా ప్రఫుల్ల కారులో ఏడుస్తూనే ఉంది. సిగ్గు సగం, మంట సగం. గౌరవించినందుకు కూడా శిక్ష వేసే దేశమా ఇది!

ఇంట్లో సంగతంతా విని సదాశివం భుజం తట్టాడు.

“పోనీలేవే. మన పద్ధతులు వాళ్లకేం తెలుస్తాయి? పెద్దాయన్ని కూర్చోబెట్టడం కూడా తప్పేనా?”

సాత్విక సోఫాలోంచి తలెత్తి, “మమ్, హీ లిటరల్లీ ఆస్క్డ్ యూ ఫర్ వర్క్,” అని మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న అత్తగారు ఆండాళమ్మ కూడా అంతా వింటోంది. మావగారు పోయాక ఆవిడ ఇక్కడికే వచ్చేసింది. వచ్చిన కొత్తలో మోకాలికి ఆపరేషనైతే ప్రఫుల్ల మంచం దిగనివ్వలేదు. మోకాలు నయమై ఏళ్లయినా ఆ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. కాఫీ కుర్చీ దగ్గరికే, భోజనం కుర్చీ దగ్గరికే. కోడలంటే ప్రఫుల్లలా ఉండాలని బ్రాక్‌నెల్ ఆంటీలందరూ అనుకుంటారు.

“అయితే పాపం, ఆ పెద్దాయన పొద్దుటినించీ అలా కూర్చునే ఉన్నాడా?” అంది ఆండాళమ్మ.

“అవునత్తయ్యా. ఏ లోటూ రానివ్వలేదు.”

“లోటెందుకొస్తదిలే,” అంది ఆవిడ కిటికీలోకి చూస్తూ. “నాకు మాత్రం ఏం లోటొచ్చింది?”

ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే ప్రఫుల్ల తట్టుకునేది, జవాబు కూడా చెప్పేది. సదాశివం చప్పున టీవీ సౌండు తగ్గించాడు, ఎందుకు తగ్గించాడో అతనికే తెలియదు. ప్రఫుల్ల అక్కడే నిలబడిపోయింది. డబ్బాలకేసి ఆశగా చూసిన ఆ చూపు ఆమెకిప్పుడు అర్థమైంది. ఏళ్ల తరబడి ఈ ఇంట్లో వంటింటికేసి చూస్తున్నదీ అదే చూపు.

వంటింట్లోకి వెళ్లి, పొద్దున మన కూరగాయలు దొరికే సౌత్‌ఆల్‌ నుంచి ఎవరో తెచ్చిపెట్టిన చిక్కుడుకాయల సంచీ తీసుకొచ్చింది. అత్తగారి ఒళ్లో పెట్టింది. తనతో తనే పెనుగులాడి చెప్పింది.

“ఈనెలు తీసి పెట్టండత్తయ్యా. అరగంటలో కావాలి. కూరకి.”

ఆండాళమ్మ సంచీలోకి చేయి పెట్టి ఒక కాయ తీసింది. గోటితో గిచ్చి చూసింది.

“ఇంత ముదురు కాయలేంటే! చూసి తెమ్మని చెప్పాలా వద్దా?” అంది. గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. “చాటేదీ? ఈ ఇంట్లో చాటుందా అసలు?”

ఆరేళ్లుగా ఉంటున్న ఇంట్లో చాట ఉందో లేదో ఆవిడకు తెలియదు.

ప్రఫుల్ల అలవాటుకొద్దీ వంటింటి వైపు రెండడుగులు వేసి, ఆగింది.

“లేదత్తయ్యా. సింకు పక్క అలమారలో స్టీలు పళ్లేలుంటాయి. మీరే వెళ్లి తెచ్చుకోండి.”

ఆండాళమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.